సందు చివర అచ్చుగది

ఎక్జిలూస్ పిడి తిప్పుతూనే ఉన్నాడు. ఒక్కో తిప్పుకి ఒక్కో కాగితం బయటపడుతోంది. పిడితోపాటు అతని కుడిభుజమూ కిర్రుమంటోంది. ముప్పై ఏళ్లు పోర్ట్-ఓ-ప్రిన్స్ రేవులో కాఫీ బస్తాలు మోసిన భుజం అది. ఎడమదానికన్నా రెండు వేళ్లు కిందికి జారి ఉంటుంది. గోళ్లల్లో ఒకప్పుడు బస్తాల దుమ్ము ఉండేది, ఇప్పుడు సిరా.

నియంత విమానమెక్కి పారిపోయిన ఏడాది, ఏదో చర్చి వదిలించుకున్న ఈ సైక్లోస్టైల్ మిషన్‌ను సందులోవాళ్లు మోసుకొచ్చుకున్నారు. దానిమీద చిన్న చిన్న పుస్తకాలు వేస్తున్నారు, తాము మాట్లాడుకునే క్రియోల్‌లోనే. చట్టాలన్నీ దొరల ఫ్రెంచిలో ఉంటే అందులో తనకేం రాసిపెట్టి ఉందో కూలివాడికెలా తెలుస్తుంది? ఎక్జిలూస్ అక్షరాలు దిద్దుకున్నదీ ఆ పుస్తకాల్లోనే, యాభై అయిదో ఏట.

తెల్లవారితే ఎన్నికలు. మధ్యాహ్నం రేకుల పంచలో ఎనిమిదిమంది చదువుకు కూర్చున్నారు. అందరికీ కలిపి ఒకటే కళ్లజోడు. అది చేతులు మారి సెలిమేన్ దగ్గరికొచ్చింది. నాలుగిళ్ల బట్టలుతికే సెలిమేన్ ఎక్జిలూస్‌కు మరదలు, చనిపోయిన అతని భార్యకు చెల్లెలు.

"నా ముక్కుమీదికొచ్చేసరికి అక్షరాలన్నీ పారిపోతాయేంటి బావా?"

"నీ నోటికి జడిసి."

అందరూ నవ్వారు. ఆమె వేలితో గీస్తూ కూడబలుక్కుంది. "పౌ... రు... లు. ఎవరంటా వీళ్లు?"

"మనమే."

"మనమా!" సెలిమేన్ ఆ మాటమీద మళ్లీ వేలు ఆనించింది. "ఈ ముక్క తెలీకుండానే పోయింది మా అక్క."

ఎక్జిలూస్ మొహం తిప్పుకున్నాడు. మళ్లీ ఇటు తిరిగేసరికి చెంపమీద సిరా అంటి ఉంది.

అందరూ వెళ్లాక ఆమె గొంతు తగ్గించింది. "రేపు పొద్దున్నే పోమాక బావా. కాస్త ఎండెక్కనీ. రాత్రంతా తుపాకులే మోగాయి."

"ముప్పై ఏళ్లు పరాయోళ్ల మూటలు మోశానే. రేపొక్కరోజు నా మాట నేను మోసుకుపోతా."

"మాటలకేం, కోటలు దాటతాయి," అంది. అయినా అతని తెల్లచొక్కా తీసుకుపోయి ఇస్త్రీ చేసి తెచ్చింది.

ఆదివారం పొద్దున అతను ఉప్పుచేప నంజుకుని కర్రపెండలం రొట్టె తిన్నాడు. అచ్చుగదిలో మరికొన్ని కాగితాలు అచ్చేసి, ఓటు వేసే బడికి బయలుదేరాడు. ఉతికిన బట్టలు రెండిళ్లకు ఇచ్చేసి వెనకాలే వస్తానంది సెలిమేన్.

ఆమె మలుపు తిరిగేసరికి జనం ఎదురు పరుగెత్తుకొస్తున్నారు. కారులో ఎవరో వచ్చారట, వరసలో నిలబడ్డవాళ్లను కాల్చిపోయారట. ఎక్జిలూస్ ఆ వరసలో నాలుగోవాడు. బస్తా దించి ఊపిరి తీసుకుంటున్నవాడిలా గోడవారన కుడిభుజంమీద ఒరిగి ఉన్నాడు. ఆమె పక్కన కూలబడి చొక్కా గుండీ సరిచేసింది. ఇంకేం చేయాలో తోచలేదు.

మధ్యాహ్నానికి ఎన్నికలు రద్దయ్యాయని రేడియో చెప్పింది. ఫ్రెంచిలోనే చెప్పింది.

మట్టి చేసి వచ్చిన మర్నాడు సెలిమేన్ అచ్చుగది తలుపు తీసింది. బల్లనిండా కాగితాలు పరిచి ఉన్నాయి. మొదటి వరస పక్కన చిన్న చీటీ, ఎగరకుండా దానిమీదో గులకరాయి. కళ్లజోడు ఎవరింట్లో ఉందో. చీటీని వెలుతురుకి ఎత్తిపట్టుకుని ఒక్కో అక్షరమే కూడబలుక్కుంది. ఎంత సేపు పట్టిందో ఆమెకే తెలియదు. చదవడం అయ్యాక ఉన్నచోటే ఉంచి రాయి పెట్టింది.

'సిరా ఆరలేదు. ముట్టుకోకండి. వచ్చాక నేనే మడత పెడతాను.'