టైల్సు మీద మరక

నేను ఒక స్టీరింగ్ బాక్సును. అంటే ఏమిటంటారని తెలుసు. కారు బొమ్మ గీసేవాళ్ళెవరూ నన్ను గీయరు మరి! మీరు పైన చక్రం తిప్పితే కింద టైర్లు తిరిగేది నా కడుపులోని పళ్ళ వల్లే. అవి ఎప్పుడూ నూనెలో మునిగి ఉండాలి. అంతకు మించి నేనేమీ కోరలేదు. ఇప్పుడు పాత ఇనుము కుప్పలో పడి ఉన్నాను.

మా కారును కొన్నది అనకాపల్లి పశువుల డాక్టరు జోగారావుగారు. నా అడుగు నుంచి కాస్త నూనె కారేది. "కారితే పోస్తాం, దానికేటి!" అంటూ చిక్కటి గేర్ ఆయిల్ ఆయనే పోసేవారు. కూతురు వసుంధరకు ఆ కారు మీదే డ్రైవింగ్ నేర్పారు. పోతూ పోతూ దాన్ని ఆమెకే ఇచ్చారు. ఆమె చేతుల్లో ఎంత హాయిగా తిరిగానో! మలుపుల్లో కూనిరాగం తీసేది.

ఆమె భర్త విశ్వనాథంగారు ఇంటి ముందు తెల్ల టైల్సు వేయించారు. మర్నాటికే వాటి మీద నా నల్లచుక్క పడింది. ఆయనకు ఒళ్ళు మండింది. నూనె తీసేసి, చక్రాల బేరింగులకు వాడే గట్టి గ్రీజు నాలో కూరారు. మహానుభావుడు! నూనె పక్కకు జరిగినా మళ్ళీ వచ్చి పళ్ళను తడుపుతుంది. గ్రీజు అలా కాదు, గోడలకు అంటుకుని అక్కడే కూర్చుంటుంది. నా పళ్ళు ఎండిపోయి ఒకదాన్నొకటి కొరుక్కున్నాయి.

"ఏవండీ, స్టీరింగు బిగిసిపోతోందండీ" అంది వసుంధర.

"కారుకేం రోగం? నీ చేతుల్లోనే పస తగ్గింది. వయసొచ్చింది కదా!"

పిచ్చితల్లి, నమ్మేసింది. మణికట్టుకు బామ్ రాసుకుంటూ కొన్నాళ్ళు నడిపింది. ఒకరోజు గేటు దగ్గర తిప్పలేక కారును గోడకు గీకేసింది. తాళాలు భర్త చేతిలో పెట్టి ఆటోల్లో తిరగడం మొదలుపెట్టింది.

తరవాత ఆయన స్టీరింగు ముందు కూర్చున్నారు. ఎంత లాగినా చక్రం తిరగదే! స్పానరుతో నా మూత విప్పారు. గోడల నిండా గ్రీజు, మధ్యలో ఎండిన పళ్ళు, ఇనప రజను. అంతా కళ్ళారా చూసి గబగబా మూత బిగించేశారు. భార్యకు ఒక్క ముక్క చెప్పలేదు. ఛీ, నాకే సిగ్గేసింది.

నిన్న పాత ఇనుము కొనేవాడు వచ్చాడు. వసుంధర స్టీరింగు నిమిరి ఏడ్చింది.

"నా చేతులు బాగుంటే నిన్ను అమ్మనిచ్చేదాన్నా!"

నీ చేతులు బంగారం తల్లీ అని అరుద్దామంటే నాకు నోరేది? నోరున్న మొగుడు పక్కనే నిలబడ్డాడు. కారు గేటు దాటాక వంగి, అది నిలిచిన చోటు పరకాయించి చూశాడు.

"చూశావా, ఒక్క మరక లేదు!" అన్నాడు ఆమెతో.