బాగున్నాను

పండుకి ఆటిజం అని తెలిసేనాటికి వాడికి ఆరేళ్లు. నోట మాట లేదు. మాటలు నేర్పే టీచరు దగ్గరికి తీసుకొచ్చిన రోజు వాళ్లమ్మ అడిగింది ఒక్కటే.

"పెద్ద పెద్ద మాటలొద్దండీ. ఎవరైనా ఎలా ఉన్నావని అడిగితే జవాబు చెప్తే చాలు. వీడేమో గోడకేసి చూస్తుంటాడు. చుట్టాల్లో తలెత్తుకోలేకపోతున్నాను."

టీచరు అప్పుడే ఉద్యోగంలో చేరింది. అనుభవం తక్కువైనా పట్టుదల బోలెడు. చాప మీద వాడికి ఎదురుగా కూర్చుని, ప్రశ్న తానే అడిగి జవాబు తానే చెప్పి, వాడు పెదవి కదిపితే చాలు చప్పట్లు కొట్టేది. పండుకి చప్పట్లంటే ప్రాణం. ముందు "బా" వచ్చింది. దాదాపు ఏడాదికి మాట పూర్తిగా వచ్చింది. వాళ్లమ్మ ఏనుగెక్కినంత సంబరపడింది. కొన్నాళ్లు ఏమడిగినా అదే జవాబు. "నీ పేరేంట్రా?" అన్నా "బాగున్నాను" అనేవాడు. "పేరు మంచిదే పెట్టావక్కా," అని మేనమామ నవ్వేవాడు.

పండు పెద్దవాడయ్యాడు. నీళ్లు, బస్సు, ఇంటికి లాంటి మాటలు మరికొన్ని వచ్చాయి. అట్టపెట్టెలు తయారుచేసే చోట పని దొరికింది. గీత మీద అట్ట మడిచి, అంచు కలిపి, టేపు వేయడంలో వాడి చెయ్యి తిరిగింది. ఎవరు పలకరించినా "బాగున్నాను" అనేవాడు. టీచరు కొత్తగా వచ్చే తల్లిదండ్రులకి వాడి సంగతే గొప్పగా చెప్పుకునేది.

ఒక వారం పండు సరిగా తినలేదు. ఒక చేత్తో పొట్ట పట్టుకుని, రెండో చేత్తో పెట్టెలు మడుస్తున్నాడు. "ఏరా, ఒంట్లో ఎలా ఉంది?" అని సూపర్‌వైజరు అడిగాడు. బాగున్నానన్నాడు. ఇంట్లో అమ్మ అడిగితే అదే మాట. మనసొప్పక ఆమె డాక్టరుకి చూపించింది. ఆయన పొట్ట నొక్కి అడిగితే పళ్లు బిగబట్టి మరీ "బాగున్నాను" అన్నాడు. అరుగుదలకి మందు రాసిచ్చారు. మర్నాడు పని దగ్గరే కుప్పకూలాడు. అపెండిక్స్ పగిలి చీము పొట్టంతా పాకిందని చెప్పి ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు.

కబురు తెలిసి టీచరు పరుగున వెళ్లింది. ముక్కులో గొట్టం, వాడిపోయిన ముఖం. "పండూ," అంది. పండు కళ్లు తెరిచి ఆమెను చూశాడు. ఎవరూ అడక్కుండానే "బాగున్నాను" అన్నాడు. అని, ఆమె చేతులకేసి చూస్తూ ఉండిపోయాడు.

ఎందుకు చూస్తున్నాడో ఆమెకు అర్థమైంది. ఆ మాటకి చప్పట్లు కొట్టడానికి చేతులు రాలేదు. వాడి చెయ్యి పట్టుకుంది. పండు విడిపించుకున్నాడు. సరిగ్గా పలకలేదేమో అన్నట్టు, ఈసారి ఒక్కో అక్షరం విడదీసి మళ్లీ చెప్పాడు. ఆమె చప్పట్లు కొట్టింది, పక్క మంచానికి వినపడనంత మెల్లగా. పండు కళ్లు మూసుకున్నాడు.

వాడు ఆ వారం దాటలేదు.

ఆ తర్వాత టీచరు దగ్గరికి ఏ పిల్లలొచ్చినా ముందు నేర్పింది "నొప్పి", "వద్దు". మాట రానివాళ్లకి బొమ్మల కార్డులు చేసి, ఎక్కడ నొప్పో వేలితో చూపించడం నేర్పింది. "వద్దనడం నేర్పించడానికా ఇంత దూరం తెచ్చింది?" అని కొందరు తల్లిదండ్రులు చిన్నబుచ్చుకునేవారు. ఆమె వాదించేది కాదు.

ఒక మధ్యాహ్నం పండు వాళ్లమ్మ వచ్చింది. టీచరు క్షమించమని అడగబోతే చెయ్యడ్డం పెట్టింది.

"ఆ మాట కోసం మీ కాళ్లావేళ్లా పడింది నేనేగా. మిమ్మల్నేమంటాను? అందుకు రాలేదు." చేతిసంచి ఒళ్లో పెట్టుకుంది. "ఒక్కటి అడుగుతాను, దాచకండి. వాడికి నొప్పి తెలిసేదా? అలాంటి పిల్లలకి బాధ తెలీదు, సుఖంగా పోయాడులే అని మావాళ్లంతా అంటున్నారు."

అవునంటే ఆ తల్లి కాస్త కుదుటపడి ఇంటికెళ్తుంది. ఆ మాట టీచరు నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా ఉన్న ముఖం చూసి మింగేసింది.

"తెలిసేదమ్మా," అంది. "మనకెలా తెలుస్తుందో అలాగే."

తల్లి మెల్లగా తలూపింది. "నేనూ అదే చెప్పాను వాళ్లకి. కన్నదాన్ని, నాకు తెలీదా అన్నాను. ఒక్కళ్లూ నమ్మలేదు."

ఆమె లేస్తుందేమోనని టీచరు చూసింది. లేవలేదు.

"కాసేపు ఇక్కడే కూర్చోనా టీచరుగారూ?" అని అడిగింది. టీచరు తన కుర్చీని ఆమె పక్కకి జరుపుకుంది.