రెండు రిబ్బన్ల కుర్చీ

కుర్చీలోంచి లేచేది లేదని పెద్దావిడ మొండికేసింది.

పొద్దుటి ఎన్నికల సభ ముగిసింది. ఫొటోలు దిగడం అయిపోయింది. తెల్ల రిబ్బన్ కట్టిన చక్రాల కుర్చీ, నీళ్ళ డ్రమ్ము, ఒక ప్లాస్టిక్ కుర్చీ తప్ప మిగతా సామానంతా లారీ ఎక్కేసింది.

"త్వరగా లేపు బాబాయ్!" టెంటు ఓనరు లారీలోంచి కేకేశాడు. "మధ్యాహ్నం అవతలి పార్టీ సభకి ఇదే వెళ్ళాలి."

అందరూ మేకు బాబాయి అని పిలిచే ముసలి పనివాడు మోకాలు పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళుగా టెంటు మేకులు దిగ్గొట్టి ఆయన కుడి భుజం కిందికి జారిపోయింది. ఎప్పుడూ వేదిక వెనకే ఉంటాడు కాబట్టి నాయకులను వీపులనుబట్టి గుర్తుపడతాడు. పెద్దలందరికీ ఉచితంగా మోకాలి ఆపరేషన్ అన్న హామీ కిందటి ఎన్నికల్లో ఈ మైకులోనే విన్నాడు. ఆ తర్వాత మైకును రెండుసార్లు బాగుచేయించారు. మోకాలు అలాగే ఉంది.

"లే అక్కా. ఇది అద్దె సామాను."

"అద్దెదా? మరి అంతమంది ముందు నాకిచ్చామన్నారుగా! ఆయనెవరో అమ్మా అంటూ నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు కూడా."

"ఏడుపు ఆయనది అక్కా. కుర్చీ మాది."

ఆవిడ ఒకప్పుడు మిషను మీద బట్టలు కుట్టేది. తుంటి విరిగాక మంచానికే పరిమితమైంది. గుక్కెడు నీళ్ళు కావాలన్నా కోడలు పనినుంచి వచ్చేదాకా ఆగాల్సిందే.

"ఉండు తమ్ముడూ, ఒక్కసారి తిప్పి చూసుకోనీ."

చక్రాలు నెట్టుకుంటూ నీళ్ళ డ్రమ్ము దాకా వెళ్ళింది. సంచిలోంచి స్టీలు గ్లాసు తీసి, తనంతట తానే నీళ్ళు పట్టుకుని తాగింది. చిన్నపిల్లలా నవ్వింది.

లారీ హారన్ మోగింది. బాబాయి ఆమెను చంకల కింద చేతులేసి ఎత్తి ప్లాస్టిక్ కుర్చీలోకి మార్చాడు. కుట్టుమిషనంత బరువు కూడా లేదు.

"ఈ పనికి నీ చేతులే దొరికాయా వాళ్ళకి?" అంది.

బాబాయి ఖాళీ కుర్చీని లారీ ఎక్కించాడు.

మధ్యాహ్నం ఊరి అవతలి మైదానంలో ఆయన తెల్ల రిబ్బన్ విప్పి ఊదా రిబ్బన్ కట్టాడు. కుర్చీ అందుకోబోయే మనిషిని కార్యకర్తలు ఆటోలోంచి దించారు. చూస్తే ఆవిడే.

"మళ్ళీ నువ్వేనా అక్కా?"

"పిలిచారు, వచ్చాను. ఈసారి చంపినా లేవను."

మళ్ళీ డ్రమ్ము దాకా తనే వెళ్ళి, గ్లాసు నిండా నీళ్ళు పట్టుకుంది. వేదిక ఎక్కించాక, సభ అయ్యాక తాగుదామని దాన్ని చక్రం పక్కన జాగ్రత్తగా పెట్టుకుంది.

టెంటు నీడ నాయకుల సోఫాల మీద ఉంది. ఫొటోలకు వెలుతురు కావాలని ఆ పార్టీ నాయకుడు ఆమె కుర్చీని గ్లాసుతో సహా ఎండలోకి జరిపించాడు. బాబాయి వెళ్ళి నీడలోకి లాగబోతే, "అక్కడే ఉండనీ" అని కసిరాడు. తర్వాత మైకు అందుకున్నాడు. ఇంటింటికీ డాక్టరు అన్నాడు. మంచం దగ్గరికే మందులు అన్నాడు. పెద్దలు మా ప్రాణం అన్నాడు. చప్పట్ల మధ్య ఆవిడ తల పక్కకు వాలింది. నిద్రపోయిందనుకుని ముందు వరస నవ్వింది.

బాబాయి వెళ్ళి మణికట్టు పట్టుకుని చూశాడు. నాడి ఆడటం లేదు. ఆమె పక్కనే కూర్చుండిపోయాడు.

కలకలం రేగింది. సహాయకుడు నాయకుడి చెవిలో ఏదో ఊదాడు. నాయకుడు మళ్ళీ మైకు ఎత్తాడు.

"పొద్దున అవతలి పార్టీ ఈ తల్లి కుర్చీ లాక్కుంది! ఆ అవమానమే ఈమెను చంపింది! లాక్కున్న దుర్మార్గుడెవడో ఇప్పుడే తేలాలి!"

వేదిక వెనకనుంచి ఓనరు గొంతు తగ్గించి పిలిచాడు. "బాబాయ్, ముందు ఆవిణ్ణి దించి కుర్చీ ఇటు పట్రా."

బాబాయి లేచాడు. వెనక్కి వెళ్ళలేదు. తన జీవితంలో మొదటిసారి వేదిక ముందుకు నడిచి మైకు లాక్కున్నాడు.

"లాక్కున్న చేతులు ఇవే. నావే. పొద్దున మా ఓనరు చేయించాడు. ఇప్పుడు శవం కిందనుంచి కూడా లాగమంటున్నాడు. రెండు పార్టీలకీ కుర్చీ ఒక్కటే, అదీ అద్దెది! రిబ్బన్లు మార్చింది నేనే. చంపిందెవరంటారా? నీడలోకి జరుపుతానంటే వద్దన్నదెవరు?"

నాయకుడి వైపు తిరిగాడు. ఇన్నేళ్ళూ వీపుగానే తెలిసిన మనిషి ముఖంలోకి సూటిగా చూశాడు.

"నువ్వే."

మైకు కింద పెట్టాడు. ఎవరినీ అడక్కుండా కుర్చీని నెమ్మదిగా వేదిక దించి, ఆవిణ్ణి ఇంటివైపు నెట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

వేదిక మీద, ఎండ పడుతున్నచోట, ఆవిడ తనంతట తాను పట్టుకున్న నీళ్ళ గ్లాసు ఉండిపోయింది, ఒక్క గుక్కయినా తగ్గకుండా.