ఆకు వేరు

“దుమ్ము దులపడం ఆవిడ శాఖ, లోపల ఏముందో చెప్పడం నా శాఖ.” పుస్తకాల అలమరా చూడటానికి ఎవరొచ్చినా ఆమె భర్త ముందుగా అనే మాట ఇదే. వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. పాతగుడ్డ చేత్తో పట్టుకుని ఆమె కూడా నవ్వేది. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పుడామెకి తల కొట్టేసినట్టుంటుంది.

మూలికల మీదా, ప్రకృతి వైద్యం మీదా రెండొందల పైచిలుకు పుస్తకాలు. ప్రతిదీ ఆమె తెచ్చిందే. ఆమె ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతుంది. తొమ్మిదేళ్ళ కిందట మొక్కల మందుల పుస్తకమొకటి దిద్దడానికొచ్చింది. నాలుగుసార్లు తప్పుల కోసం చదివింది, ఐదోసారి ఊరికే చదివింది. అక్కడితో పిచ్చి పట్టుకుంది. పాత పుస్తకాల కొట్లన్నీ గాలించేది. అట్టలూడినవాటిని తనే కుట్టేది, పురుగు తిన్న పేజీలని మరెవరి ప్రతిలోనో చూసి చేత్తో రాసి అతికించేది. వంటా, అంట్లూ, ఇస్త్రీ అయ్యాక మిగిలిన ఆ కాస్త పొద్దులో మొక్కకో కార్డు రాసేది. ఏ పుస్తకం ఏమంటోంది, ఏది దేనితో పడటం లేదు, దేన్ని చూసి దేననుకునే ప్రమాదముంది, అన్నీ చీమతలకాయంత అక్షరాల్లో. “ఆ శ్రద్ధలో సగం నా చొక్కా బొత్తాల మీద పెట్టకూడదూ” అనేవాడు భర్త. తీరా కార్డులన్నీ పూర్తయి, అలమరాకి అద్దాలు బిగించాక అది ‘నా లైబ్రరీ’ అయి కూర్చుంది. ఆయన ఒక్క పుస్తకం తెరిచి ఎరగడు. కార్డు తీసి, కళ్ళు మూసుకుని, ఎంతో ఆలోచించినట్టు కాసేపు ఆగి, అప్పుడు చెప్పేవాడు. ఆ ఆగడానికే జనం బుట్టలో పడేవాళ్ళు.

ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆమె వంటింటి గుమ్మంలోంచి అంది, “చెంచాడు కాదండీ, పావు చెంచా.” ఆయన ఆఫీసువాళ్ళు నలుగురున్నారు. “వచ్చారండీ మా ప్రూఫులావిడ. ఇంట్లో కూడా అచ్చుతప్పులు దిద్దుతుంది” అన్నాడాయన. గది గొల్లుమంది. ఆ తర్వాత నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు. కంచం ముందు కూర్చుని, ఉప్పు కావాలంటే గోడకేసి చూసి అడిగేవాడు. ఐదో రోజున ఆమే క్షమించమంది. ఎందుకు అడిగానా అని ఆమె ఎప్పుడూ లోతుగా ఆలోచించలేదు, ఆలోచిస్తే బతకడం కష్టమవుతుందని. ఆ రోజు నుంచి నోరు కుట్టేసుకుంది.

కిందటి నెల వదినగారొచ్చారు. ఆయనకి అక్క, రెండు వీధుల అవతలే ఉంటారు. కాళ్ళు వాచి చెప్పులు పట్టడం లేదు. ఆయన కార్డు తీశాడు, కళ్ళు మూశాడు, ఆగాడు. “రెండో రకం మొక్క అక్కా. మీ గోడవారనే ఉంది. ఆకూ వేరూ కలిపి కాచి పొద్దున్నే తాగు.”

వంటింట్లో బియ్యం కడుగుతున్న ఆమె చేతులు ఆగిపోయాయి. ఆ కార్డు ఆమెకి కళ్ళకి కట్టినట్టు కనపడింది. ఒకే పేరుతో పిలిచే రెండు మొక్కలు. పువ్వు చూస్తే కవలపిల్లలు. మొదటిది మందు, రెండోదాని జోలికి పోకూడదు. పోల్చుకోవడానికి రెండోదాని కింద ఆమె రాసుకున్నది రెండే మాటలు: ‘ఆకు వేరు.’ ఆకు చూడు, దీనిది వేరేగా ఉంటుంది అని. ఆయన అక్కడ లేని కామా ఒకటి పెట్టుకుని ‘ఆకు, వేరు’ అని చదివాడు.

గుమ్మం రెండడుగుల దూరం. వెళ్ళలేదు. భయమనుకుంటే ఎంత బావుండేది. భయం కాదు. కానీలే, ఈసారి తప్పని తేలనీ, నలుగురికీ తెలియనీ అనుకుంది. బియ్యం నీళ్ళు ఒక్కసారి వంచినంతసేపు అలా అనుకుంది, అంతే. సాయంత్రం ఫోన్ చేద్దామనుకుంది. సాయంత్రం ఆయన పక్కనే ఉన్నాడు. పొద్దున చేద్దామనుకుంది. మూడోనాడు ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. వాంతులు ఆగడం లేదని.

ఆసుపత్రి వరండాలో వదినగారి కొడుకు నిలదీశాడు. ఆయన ఆమెకేసి చెయ్యి చూపించాడు. “పుస్తకాలు మీ అత్తవిరా. కార్డూ తనే రాసింది. నేను చదివానంతే.” తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ లైబ్రరీ ఆమెదయింది. ఆమె తలొంచుకుంది. కార్డు రాసినందుకు సిగ్గుపడుతోందని అందరూ అనుకున్నారు. అంతమట్టుకే అనుకోనిచ్చింది, అది ఇంకా పెద్ద సిగ్గు.

అచ్చాఫీసుకి సెలవు పెట్టి వారం రోజులు మంచం పక్కన ఉంది. జావ తాగించింది, పక్కగుడ్డలు మార్చింది, “నా తల్లే” అని వదినగారంటుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక దువ్వెన వెతుక్కుంది. ఏడో రోజున ఆవిడ జడ విప్పి దువ్వుతూ చెప్పేసింది.

“వదినా, ఆయన చదివింది తప్పని నాకు అప్పుడే తెలుసు. వంటింట్లోంచి విన్నాను. కావాలనే ఊరుకున్నాను.”

సగం దువ్విన జుట్టు ఆమె చేతిలో ఉండిపోయింది. తిడితే బావుండునని ఎదురు చూసింది.

“ఎందుకూ అని అడగను” అన్నారావిడ చివరికి. “వాడితో పెరిగినదాన్ని, నాకు తెలియదూ. ఒక్కటి చెప్పు. నా ఒక్కదాని దగ్గరేనా, ఇంకెవరి దగ్గరైనా ఇలాగే ఊరుకున్నావా?”

వాడకట్టంతా ఆమె కళ్ళ ముందు తిరిగింది. నిద్ర పట్టడం లేదని వచ్చిన కుట్టుపనావిడ. నాలుగు రోజులకోసారి పుచ్చుకోవలసిన పొడిని రోజుకి నాలుగుసార్లన్నాడు ఆయన. ఆవేళ ఆమె ఆవిడకి మంచినీళ్ళిచ్చి లోపలికి వచ్చేసింది. దగ్గుతో వచ్చిన మాస్టారు. చెప్పుల కొట్టాయన. ఇంకా ఎవరెవరో.

“ఉన్నారు వదినా” అంది.

“అయితే నా జుట్టు పట్టుకుని కూర్చున్నావేం?”

ఇంటికెళ్ళి కార్డుల పెట్టె బయటికి తీస్తుంటే భర్త పేపరు దించాడు. “ఇప్పుడెక్కడికి? ఉన్న పరువు చాల్లేదా? వంటెవరు చేస్తారు?” జవాబు చెబితే ఆగిపోతానని ఆమెకి తెలుసు. చెప్పులు వేసుకుంది.

కుట్టుపనావిడ మెషిను ఆపి, లేచి నిలబడి, కుర్చీ తుడిచింది. మనిషి సగమైపోయింది, కళ్ళు లోపలికి పోయాయి. “రండమ్మా. సారు పంపారా?”

“కాదమ్మా. ఆయన మీకు చెప్పింది తప్పు. తప్పని ఆ రోజే నాకు తెలుసు.”