బొమ్మలో నా చుక్క

ఆ బొమ్మ చేసింది నేనే. ఎవరూ అడగలేదు, ఆ తెలివి నాకే పుట్టింది.

మా కంపెనీ టీములో పన్నెండు మందిమి, ఎవరి ఊళ్లో వాళ్లం కంప్యూటర్ ముందే. మూడొందల పైచిలుకు పనులు. ఏది దేనికోసం ఆగి ఉందో చార్టు మీద గీస్తే గీతలన్నీ కలగాపులగమై కళ్లు తిరిగేవి. అందుకని దానికి లోతు కూడా కలిపాను. ఒక్కో మనిషికి ఒక చుక్క, ఒకరి పని ఇంకొకరి మీద ఆధారపడితే మధ్యలో దారం. మౌస్‌తో పట్టుకుని తిప్పితే వెనక దాక్కున్నవి కూడా కనిపిస్తాయి. ఆత్మకూరులో నా అద్దె గదిలో కూర్చుని రెండు నెలల ఆదివారాలు దానికి తగలేశాను.

మేనేజర్ రామనారాయణ గారు మురిసిపోయారు. "శుక్రవారం పెద్దవాళ్లకి చూపిద్దాం రేణుకా. ఎవర్ని తీసెయ్యాలా అని చూస్తా ఉండారు గదా, పనికొస్తాది."

ఆ మాట విన్నాక నేనెక్కడున్నానా అని బొమ్మను తిప్పి చూశాను. నా చుక్క ఎక్కడో దూరంగా ఉంది. ఒక్క దారమూ లేదు.

ఎవరి పని ఇరుక్కున్నా నాకే ఫోన్ చేస్తారు. నేను సరిచేసి ఇస్తాను, అది వాళ్ల పేరు మీదే ముగుస్తుంది. నా పేరు రాసుకోవడం చిన్నతనం అనుకున్నాను. నా అంత వెర్రిబాగులది ఇంకొకతి ఉంటుందా?

బుధవారం నాయన ఉదయగిరి వైపు మా ఊరి నుంచి గొర్రెలు అమ్మడానికి వచ్చి, నా గదిలో భోంచేస్తూ కంప్యూటర్ తెర మీద బొమ్మను చూశాడు.

"ఈ ఒక్కటేంది, మందకి ఎడంగా ఉండాది? మేమైతే ఇట్టాంటి దాన్నే ముందు అమ్మేస్తాం."

"అది నేనే నాయనా."

ఆయన ముద్ద కంచంలోనే వదిలేశాడు. మా ఇంట్లో గొర్రెల వెనక తిరగకుండా కుర్చీలో కూర్చున్న మొదటి మనిషిని నేను. ఇది పోతే ఇంకోటి దొరికే వయసు కాదు నాది.

నా చుక్కకి దారం కట్టాలంటే, ఆ పని నేను చేశానని అవతలివాళ్లు ఒప్పుకోవాలి. సుధీర్‌కి ఫోన్ చేశాను. మా టీములోవాడే, ఊరు జలదంకి, ఈ ఎండాకాలంలో నాలుగుసార్లు వాడి పని చేసిపెట్టాను.

"ఏమనుకోబాకక్కా. అది నువ్వు చేసినావని ఒప్పుకుంటే, మరి నువ్వేం చేసినావురా అని నన్నడగరా? చంటిబిడ్డ ఉండాది నాకు."

మిగతావాళ్లు ఫోనే ఎత్తలేదు. ఒప్పుకోవాలన్న నియమం పెట్టింది కూడా నేనే. తీసెయ్యడం రెండు నిమిషాల పని. దొంగతనం చేసినట్టుంటుందని తీయలేదు. ఈ పౌరుషం ఎవరికి కావాలి?

శుక్రవారం పెద్దవాళ్లు బొమ్మను రెండుసార్లు తిప్పి చూశారు. "ఆ దూరంగా ఉన్నదెవరు?" అన్నారొకరు. అంతే.

సాయంత్రం రామనారాయణ గారు ఫోన్ చేశారు. "నెలాఖరు దాకే రేణుకా. ఈలోపల నీకు తెలిసిందంతా వీళ్లకి నేర్పించెయ్."

సోమవారానికల్లా మిగతా పదకొండు మందీ తమ పనుల్లో ఒకే మాట రాసుకున్నారు: 'రేణుక దగ్గర నేర్చుకోవాలి'. బొమ్మ తెరిచాను. నా చుక్క నడిమధ్యకు వచ్చి కూర్చుంది. పదకొండు దారాలు. ఏడుపు ఆగలేదు.

ఇంతలో సుధీర్ ఫోన్. "అక్కా, రేపు పొద్దున ఓ గంట కావాల. ఖాళీయేనా?"

"ఖాళీనేరా," అన్నాను.