మంచు మీద మొదటి కర్ర

బుధవారం మధ్యాహ్నం కొట్టు ముందు ఆర్మాస్ మావయ్య ఆ మాట అన్నప్పుడు నా చేతిలో పాల డబ్బాలున్నాయి. వాటిని కింద పడెయ్యకుండా ఇంటికెలా తెచ్చుకున్నానో నాకే తెలియదు.

"నా మోకాలు ఇంక నా మాట వినట్లేదర్రా," అన్నాడాయన బెంచీ మీద కూర్చుని. "ఈ ఏడు సరస్సు మీద దారి నేను వెయ్యను. శనివారం పదింటికి ఇంజను ఆడుతున్న బండితో ఎవరు ముందు ఒడ్డుకొస్తే వాళ్ళకే నా బరమా."

అక్కడున్న అందరూ మా ఓర్వో బావ వైపు చూశారు. బావ గడ్డం నిమురుకున్నాడు.

ఆ బరమా మా ఊరికి రాజదండం కింద లెక్క. మంచు తొలిచి మందం చూసేది దాంతోనే. అవతలి ఒడ్డున ఎనిమిది ఇళ్ళున్నాయి. రోడ్డు మీద పోతే నలభై ఆరు కిలోమీటర్లు, సరస్సు మీద పోతే ఆరు. అందుకని ప్రతి నవంబరులో ఒకరు మంచుబండి వేసుకుని ముందు వెళ్ళి, మంచుకి బొక్కలు పెట్టి, దారి పొడవునా బర్చ్ కర్రలు పాతుతారు. కర్రలకి మెరిసే పట్టీలు కట్టి ఉంటాయి, చీకట్లో బండి దీపం పడితే దారి కనిపించడానికి. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆ ముందు వెళ్ళే మనిషి ఆర్మాస్ మావయ్యే.

ఆ పట్టీలు కట్టేది మాత్రం మేము. ఆడవాళ్ళం. ఒడ్డున బల్ల మీద కూర్చుని, వేళ్ళు కొంకర్లు పోతుంటే, ఎనభై కర్రలకి ఎనభై పట్టీలు. ఇరవై ఏళ్ళుగా కడుతున్నాను. ప్రతి ఏడూ ఓర్వో బావ వచ్చి, ఒక పట్టీ పట్టుకు లాగి, "మరదలా, ముడి వదులుగా ఉంది. గట్టిగా కట్టు," అని పోతాడు. ఇరవై ఏళ్ళలో నా ముడి ఒక్కటి ఊడలేదు. ఆ కర్రలు పాతే చెయ్యి నాదైతే ఎలా ఉంటుందా అని నేను అనుకోని ఏడాది కూడా లేదు.

"నేనూ వస్తున్నా మావయ్యా," అన్నాను.

బావ గట్టిగా నవ్వాడు. "దేని మీద హిల్కా? మీ బడి వంటగదిలో గంగాళం మీదా?"

"గంగాళానికి హ్యాండిల్ లేదు బావా. ఉంటే దాని మీద వచ్చినా నీకన్నా ముందే వస్తా."

అన్నానే గాని, నా బండి సంగతి నాకు తెలుసు. ముప్ఫై ఒక్క ఏళ్ళది. ఒకప్పుడు టపా మోసేది. టపా ఆఫీసు వాళ్ళు వద్దనుకుంటే నేను తెచ్చుకున్నాను. పసుప్పచ్చ రంగు ఎక్కడెక్కడ మిగిలి ఉందో వెతుక్కోవాలి. మే నెలలో మంచు కరిగాక షెడ్డులో చెక్కల మీదికి ఎక్కించి, టార్పాలిన్ కప్పి, మళ్ళీ మొహం చూడలేదు. బావది పోయిన చలికాలం కొన్న కొత్త బండి. సీటుకి వేడి, హ్యాండిల్‌కి వేడి, మీట నొక్కితే స్టార్టు. దానికి కాఫీ పెట్టడం ఒక్కటే రాదు.

గురువారం రెండింటికి బడి వంటగది కడిగేసి పరుగున ఇంటికొచ్చి టార్పాలిన్ లాగాను. సీటులోంచి ఎలుక ఒకటి దూకి, నన్ను తిట్టుకుంటూ పోయింది. సీటు స్పాంజంతా కొరికి లోపల సంసారం పెట్టింది. అది తర్వాత చూద్దాం అనుకున్నాను. నాకు చేతులు దురద పెడుతున్నాయి. ఇంతకాలం ఈ బండి ఉంటే ఎంత, లేకపోతే ఎంత అన్నట్టు ఉండేదాన్ని. ఇప్పుడు దాని ఒక్కో మర చూస్తుంటే గుండె దడదడలాడుతోంది.

ముందు గాలి పీల్చే గూటిలోంచి గుడ్డపేలిక బయటికి లాగాను. ఎలుకలు దూరకుండా మే నెలలో కుక్కింది నేనే. దాన్ని మర్చిపోకుండా తీసినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. పాత పెట్రోలు తోడేశాను, వార్నిషు వాసన కొడుతోంది. కార్బురేటర్ విప్పి, మేము ఆవిరి స్నానం చేసే సౌనా గదికి తీసుకుపోయాను. షెడ్డులో చలికి వేళ్ళు పని చెయ్యవు, సౌనాలో ముందురోజు వేడి ఇంకా ఉంది. అక్కడ బల్ల మీద చొక్కా చేతులు మడిచి కూర్చుని, కార్బురేటర్ లోపలి సన్న బొక్కలు ఒక్కొక్కటీ రాగి తీగతో పొడిచి, నోటితో ఊది, కిటికీ వెలుగుకి పెట్టి చూస్తున్నాను.

తలుపు తెరుచుకుంది. మా అక్క సైమి. అంటే ఓర్వో బావ పెళ్ళాం.

"ఏంటే, పెట్రోలుతో స్నానం చేస్తున్నావా?" అంటూ కోటు విప్పింది.

"నువ్వెందుకొచ్చావు? మీ ఆయన చూస్తే?"

"చర్చిలో పాటల సాధన అని చెప్పొచ్చాను. ఆ గ్రీజు ఇటివ్వు."

"అక్కా, అక్కడ పోటీకొచ్చేది నీ మొగుడే."

"అయితే ఏంటటా? ఇరవై ఏళ్ళు నీ పక్కన కూర్చుని నేనూ కట్టానే ఆ పట్టీలు. నా ముడి కూడా లాగి చూస్తాడే, కట్టుకున్నవాడై ఉండి!"

అంతే, ఇద్దరం పనిలో పడ్డాం. అక్క బండి ముందు జారే స్కీల కాళ్ళకీ, వెనక రబ్బరు పట్టా తిరిగే చక్రాలకీ గ్రీజు కొట్టింది. నేను స్కీల అడుగున అరిగిపోయిన ఇనప కమ్ములు తీసి కొత్తవి బిగించాను. బెల్టు వంచి చూశాం, పగుళ్ళు లేవు. పట్టా వదులైతే రెండు వైపులా సమానంగా బిగించాం. మధ్యలో అక్క నా కాళ్ళ వైపు చూసింది. ఒక కాలికి ఎర్రంచు ఉన్న బూడిదరంగు మేజోడు, రెండో కాలికి ఏదో నల్లది.

"నాలుగు సాయంత్రాలు కూర్చుని అల్లి ఇచ్చాను. రెండోది ఇంకా దొరకలేదా?"

"మీ కుక్కనడుగు. మే నెలలో మా పెరట్లోనే తిరిగింది."

"పాపం మా పేనిని ఆ మేజోడు గురించి ఆయన వేసవంతా తిట్టాడే."

"తిట్టించుకోవాలి మరి, దొంగ ముండ!"

శుక్రవారం మధ్యాహ్నానికి అంతా బిగించేశాం. కొత్త ప్లగ్గులు, కొత్త పెట్రోలు, కొత్త ఆయిలు. బండిని షెడ్డులోంచి పెరట్లోకి తోశాం. జానెడు మంచు ఉంది. నేను స్టార్టు తాడు పట్టుకుని ఒక్క లాగు లాగాను. బండి దగ్గింది. రెండో లాగుకి ఇంజను పట్టుకుంది! అక్క నన్ను వాటేసుకుంది. మేము ఆ కౌగిలి వదిలేలోపే ఇంజను చచ్చిపోయింది.

మళ్ళీ లాగాను. రెండు దగ్గులు, ఆగిపోయింది. ముప్ఫైసార్లు లాగాను. భుజం పీకుతోంది. కార్బురేటర్ మళ్ళీ విప్పాం, మళ్ళీ బిగించాం. అదే రెండు దగ్గులు. అంతలో వీధి వైపు నుంచి హుందాగా గుర్రుమంటూ బావ కొత్త బండి వినిపించింది. అక్క ఒక్క గంతులో సౌనాలో దూరి తలుపేసుకుంది.

బావ గేటు దగ్గర ఆపి, హెల్మెట్ పైకెత్తాడు. "మరదలా, పాత ఇనప సామాన్లవాడికి ఫోన్ చెయ్యమంటావా? మోసుకుపోతాడు, నీకు శ్రమ ఉండదు."

"నీ బండి తుడుచుకో బావా. రేపు నా వెనక వస్తే రేగిన మంచు నీ మొహాన్నే పడుతుంది."

"అలాగే." సౌనా తలుపు వైపు చూశాడు. "ఏంటో, ఇక్కడెక్కడో చర్చి పాటలు వినిపించినట్టుంది," అని వెళ్ళిపోయాడు.

శనివారం తెల్లారకముందే లేచాను. ఎనిమిదింటికి అక్క వచ్చింది. ఎనిమిదిన్నరకి నా అరచేతిలో బొబ్బ చిట్లింది. తొమ్మిదింటికి మంచులో చతికిలబడ్డాను. ఏడుపొచ్చింది. కోపమొచ్చింది. ఇది తప్పిపోతే బరమా బావ చేతికి పోతుంది, ఇంకో ముప్ఫై నాలుగేళ్ళు నేను ఆ బల్ల మీదే కూర్చుంటాను.

"నువ్వు లే, నేను లాగుతా," అంది అక్క. లాగింది. దగ్గింది, ఆగింది. మళ్ళీ లాగబోయి ఆగి బండి చుట్టూ చూసింది.

"పొగేదే?"

"ఏం పొగ?"

"ఇందాకటి నుంచీ దగ్గుతోంది కదా, ఒక్క పొగ కూడా రాలేదేం? మా ఆయన మొదటిసారి స్టార్టు చేస్తే పెరడంతా కమ్మేస్తుంది."

నిజమే. రెండు రోజులుగా ఇద్దరం ఆ బండి పీక పట్టుకుని గుంజుతున్నాం, ఎవరికీ ఆ మాట తట్టలేదు. అక్క మంచులో బోర్లా పడుకుని, కుడి స్కీ వెనక, పొట్ట కింద ఉన్న పొగ గొట్టం నోట్లోకి వేలు పెట్టింది. ఆమె మొహం అదోలా మారింది. లాగడం మొదలుపెట్టింది. మెల్లగా, మసిపట్టి, ఒక చోట మాడి, బయటికి వచ్చింది. బూడిదరంగు. ఎర్రంచు.

నాకు ఒక్కసారిగా మే నెల సాయంత్రమంతా కళ్ళ ముందు కదిలింది. గాలి గూటికి గుడ్డ పెట్టాను. పొగ గొట్టానికి ఇంకో గుడ్డ దొరకలేదు. ఎలాగూ బూటులో నీళ్ళు దూరి కాలు తడిసింది కదా అని మేజోడు విప్పి కుక్కాను. కుక్కి, లోపలికెళ్ళి, కాఫీ తాగాను. ఆ తర్వాత వేసవంతా కుక్కని తిట్టాను.

"దొంగ ముండ దొరికింది," అంది అక్క. ఇద్దరం మంచులో పడి నవ్వాం. కళ్ళ నీళ్ళు గడ్డకట్టేదాకా నవ్వాం.

ఒక్క లాగు. అంతే! బండి అరిచింది, ఆరు నెలల మసి ఒక్కసారి కక్కింది, పెరడంతా నీలం పొగ కమ్ముకుంది. అంత కమ్మని వాసన నేను పుట్టి బుద్ధెరిగాక పీల్చలేదు. ఎలుకలు తినేసిన సీటు మీద రెయిన్‌డీర్ తోలు పరిచి ఎక్కాను. అక్క నా వెనక ఎక్కింది.

"నువ్వు దిగు, మీ ఆయన చూస్తాడు!"

"చూడనీవే. పోనీ! తొమ్మిది ముప్పావయింది!"

మేము ఒడ్డుకి చేరేసరికి బావ బండి అప్పటికే అక్కడుంది. చుట్టూ ఊరు ఊరంతా ఉంది. నా గుండె జారిపోయింది. బావ అక్కనీ నన్నూ చూసి తలూపాడు.

"తెలుసులే," అన్నాడు. "రెండ్రోజుల్నుంచి మా ఇంట్లో కాఫీ కూడా పెట్రోలు వాసనే. పాటలు బాగా పాడారా?"

"ఆఖరి పాట బ్రహ్మాండంగా వచ్చింది," అంది అక్క.

ఆర్మాస్ మావయ్య ఎవరి వైపూ చూడకుండా కుంటుకుంటూ మంచు మీదికి నడిచాడు. ముప్ఫై అడుగులు లోపలికి వెళ్ళి బరమా తిప్పాడు. నీళ్ళు పైకుబికాయి. కొలబద్ద దించి, నన్ను పిలిచాడు.

"నా కళ్ళజోడు ఇంట్లో ఉండిపోయింది. ఎంతో చదువమ్మా."

వంగి చూశాను. "పదమూడు సెంటీమీటర్లు మావయ్యా."

"ఓర్వో, నీ బండి బరువెంత?"

బావ తన బండి వైపు ఒకసారి చూసుకున్నాడు. "మూడొందల ఇరవై కిలోలు. కానీ మావయ్యా, ముందొచ్చింది నేను. మెల్లగా పోతే ఏం కాదు."

"దానికి ఇరవై సెంటీమీటర్లు కావాలి. ఏం కాదు అన్నవాళ్ళని ఇద్దర్ని నేనే బయటికి లాగాను. హిల్కా, నీది?"

"నూట డెబ్బై!" నా గొంతు నాకే కీచుగా వినిపించింది.

"పదమూడు చాలు. ఒక్కదానివే వెళ్ళు, వెనక సామాన్ల బల్ల బండి కట్టకు. వంద అంగలకోసారి దిగి బొక్క పెట్టి చూడు. పదమూడుకి తగ్గితే అక్కణ్ణుంచి వెనక్కి వచ్చెయ్, మొహమాటపడకు." తన మెడలోంచి మంచు మేకుల జత తీసి నా మెడలో వేశాడు. నీళ్ళలో పడితే వాటితో మంచుని పొడిచి పట్టుకుని పైకి పాకాలి. తర్వాత బరమా నా చేతిలో పెట్టాడు. పిడి దగ్గర ఆయన చేతుల రాపిడికి నున్నగా అయిపోయి ఉంది.

సీటు వెనక నలభై కర్రలు కట్టుకుని బయల్దేరాను. నా కింద మంచు ఒకసారి పొడుగ్గా మూలిగింది. భయమేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి? కానీ ఆ భయం కూడా బాగుంది. మొదటి చోట దిగి బరమా తిప్పాను. పద్నాలుగు. బొక్కలో కర్ర దించి, చుట్టూ తడిమంచు కూరి, అది గట్టిపడేదాకా పట్టుకు నిలబడ్డాను. చెయ్యి తీశాను. కర్ర నిలబడింది. పట్టీ గాలికి కొట్టుకుంటోంది. ఎదురుగా ఒక్క జాడ లేని సరస్సు, వెనక నా పట్టా గీసిన ఒకే ఒక్క గీత. హెల్మెట్ లోపల నేను గట్టిగా అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు.

మంచు ఎక్కడా పదమూడుకి తగ్గలేదు. సగం దూరానికి నలభై కర్రలూ అయిపోయాయి. మిగతా వాటి కోసం వెనక్కి వచ్చేసరికి పన్నెండున్నర దాటింది. ఒడ్డున అక్క వాళ్ళ కుక్క పేని నా బూట్లు వాసన చూసింది. జేబులో ఉన్న సాసేజి మొత్తం దానికి పెట్టేశాను, దానికి నేను ఎంతో బాకీ ఉన్నాను.

బల్ల మీద కాఫీ కూజా ముందు పెట్టుకుని మా అక్క కూర్చుంది. పక్కన ఓర్వో బావ. ఎర్రబడిన లావుపాటి వేళ్ళతో, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, కర్రకి పట్టీ కడుతున్నాడు. ముప్ఫై దాకా కట్టి పక్కన పేర్చాడు.

ఒక కర్ర తీసుకున్నాను. పట్టీ పట్టుకుని లాగాను.

"బావా, ముడి వదులుగా ఉంది. గట్టిగా కట్టు."

ఆయన నా వైపు చూశాడు. తర్వాత ఆ కర్ర నా చేతిలోంచి తీసుకుని, ముడి విప్పి, మళ్ళీ కట్టాడు.