ఎత్తు ఎక్కని ఇల్లుబండి

డీజిల్ ఫిల్టరు కొనాలని నేను అనగానే మా వదిన కూర తరగడం ఆపి నా మొహంలోకి చూసింది. మా ఆయన పోయిన దగ్గర్నుంచి నేను నోరు తెరిచి ఫలానాది కావాలని అడగడం అదే మొదలు. కప్పు కాఫీ అడిగినా సంతోషించేదేమో. ఫిల్టరు అనేసరికి కత్తి పక్కన పెట్టేసింది.

"అమ్మేసే బండికి ఇప్పుడు ఫిల్టర్లెందుకే?" అంది.

"అమ్మేలోపు అది ఎత్తు ఎక్కుతుందో లేదో చూడాలి వదినా."

వదిన మా ఆయనకి స్వయానా అక్క. ఎత్తు అంటే ఏ ఎత్తో ఆవిడకి తెలుసు. తల వంచుకుని మళ్ళీ తరగడం మొదలుపెట్టింది.

మా ఆయన ప్రెస్సులో పుస్తకాల ప్రూఫుల్లో తప్పులు దిద్దే పని చేసి రిటైరయ్యాడు. అయిన వెంటనే, ఎవరో వాడి వదిలించుకున్న మోటార్‌హోమ్ ఒకటి కొనుక్కొచ్చాడు. లోపల మంచం, పొయ్యి, మడతపెట్టే బల్ల, అరచెయ్యంత సింకు. ముందు డీజిల్ ఇంజను. చూసినవాళ్ళంతా ఇల్లుబండి అనేవాళ్ళు, మాకూ అదే నోటికి పట్టేసింది. ఏడాదిలో సగం కాలం అందులోనే తిరిగేవాళ్ళం. నడిపేది ఆయనే. మార్కెట్టు వెనక ఖాళీ స్థలంలో నాకూ నేర్పాడు గానీ, నేను స్టీరింగు పట్టుకున్నంతసేపూ పక్క సీట్లో ఆయన కాళ్ళు లేని బ్రేకుల్ని తొక్కుతూనే ఉండేవి.

ఒక పొద్దున ఊరవతల ఆగి ఉన్నాం. టీ గ్లాసు కింద పెట్టి ఛాతీ పట్టుకుని కూర్చున్నాడు. నేనే నడిపాను. చదునుగా ఉన్నంతసేపూ బండి బుద్ధిగా పోయింది. ఆసుపత్రికి వెళ్ళే ఎత్తు రోడ్డు మొదలయ్యాక దానికి ఊపిరాడలేదు. యాక్సిలరేటరు తొక్కినకొద్దీ ఇంకా నీరసపడింది. గేర్లు తగ్గించాను. నీళ్ళ ట్యాంకు మలుపు దగ్గర ఆగిపోయింది. స్టార్టు చేస్తే అయింది, నాలుగు గజాలు పాకి మళ్ళీ ఆగింది. వెనక లారీలవాళ్ళు హారన్లు కొడుతున్నారు. చివరికి అంబులెన్సు వచ్చి ఆయన్ని తీసుకెళ్ళింది. ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే చూసేవాళ్ళమని డాక్టరు అన్నాడు. ఆ మాట అనడం ఆయనకి అలవాటే అయ్యుంటుంది. వినడం నాకు అలవాటు లేదు.

ఆసుపత్రి వరండాలో వదిన నా భుజం మీద చెయ్యి వేసి, "ఎత్తు రాకముందే గేరు తగ్గించావా?" అని అడిగింది. అంతే. నింద వెయ్యలేదు, గొంతు పెంచలేదు. జవాబు కోసం ఆగను కూడా ఆగలేదు. ఆ ప్రశ్న మాత్రం నా తలలో సామాను దించుకుని కాపురం పెట్టేసింది.

నాకు ఏడుపు రాలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళు, పాపం గుండె రాయి చేసుకుంది అన్నారు. నేను చేసుకున్నదేమీ లేదు. పెడితే తిన్నాను, పడుకోమంటే పడుకున్నాను. ఒకరోజు వేడి గిన్నె ముట్టుకుంటే వేళ్ళు బొబ్బలెక్కాయి. వదిన మందు రాస్తుంటే ఎవరి వేళ్ళో అన్నట్టు చూస్తూ కూర్చున్నాను. నాకు తెలియాల్సింది ఒక్కటే. ఆ రోజు మొరాయించింది బండా, నేనా? నేనే అయితే, నేనే అని ఒప్పుకుని ఉన్నన్నాళ్ళు ఉండటానికి నాకేం అభ్యంతరం లేదు. దానికి సిద్ధపడే ఉన్నాను. తెలియకుండా ఉండటమే నా వల్ల కావడం లేదు.

వదిన భర్త బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరైన మనిషి. నేను అన్నయ్యగారూ అంటాను, ఆయన చెల్లెమ్మా అంటాడు. బండిని ఎవరో లాక్కొచ్చి వాళ్ళ పెరట్లో పెట్టాక ఆయనే ఒకసారి స్టార్టు చేసి చూశాడు. ఇంజను శుభ్రంగా తిరిగింది. చదును మీద దాంతో ఏ పేచీ లేదు. అందుకే ఇంట్లో ఎవరూ పైకి అనకపోయినా, ఆ లెక్క ప్రకారం తప్పు నా కాళ్ళదీ చేతులదీ అయింది.

"కొనేవాడు ఎలాగూ సర్వీసు చేయించారా అని అడుగుతాడు. ఆయిలు ఫిల్టరు, గాలి ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు, మూడూ మార్చేద్దాం" అన్నాడు అన్నయ్యగారు.

"ముందు డీజిల్‌ది ఒక్కటే మార్చండి. అన్నీ ఒక్కసారి మారిస్తే దేనివల్ల ఏమైందో నాకెలా తెలుస్తుంది?"

ఆయన నన్ను ఎగాదిగా చూసి బానెట్టు ఎత్తాడు. పాత ఫిల్టరు విప్పి, అందులో డీజిల్ డబ్బాలోకి వంచి, గుడ్డతో తుడిచి నా చేతికిచ్చాడు. "ఇది మూసుకుపోయినట్టు లేదే. కొత్తగానే ఉంది. సరే, నమూనాకి పట్టుకెళ్ళు. బండి రిజిస్ట్రేషను కార్డు కూడా ఉంచుకో" అన్నాడు.

విడిభాగాల షాపులో నేల నుంచి కప్పు దాకా అట్టపెట్టెలే. కౌంటరు వెనక షాపాయన ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఎవరికో బేరింగుల సంగతి చెబుతున్నాడు. నా వంతు వచ్చాక ఏ బండి అన్నాడు. ఇల్లుబండి అన్నాను.

"ఫిల్టరు మంచినీళ్ళకా, ఇంజనుకా?"

"ఇంజనుకి. డీజిల్‌ది."

బండి కట్టిన కంపెనీ పేరు చెప్పాను. కార్డు చూసి ఏడాది చెప్పాను. ఆయన లోపలికి వెళ్ళి ఒక పెట్టె తెచ్చి విప్పాడు. నేను తెచ్చిన పాతదానికి అచ్చంగా జోడీ. హమ్మయ్య, తొందరగా అయిపోయిందనుకున్నాను.

ఇంతలో ఆయన, "ఆ కార్డు ఒకసారి ఇలా ఇవ్వండి" అని తీసుకుని, కళ్ళజోడు పైకి తోసుకుని, చాసిస్ నంబరు కంప్యూటర్లో కొట్టాడు. పెదవి విరిచాడు. మళ్ళీ లోపలికి వెళ్ళి ఇంకో పెట్టె తెచ్చి మొదటిదాని పక్కన పెట్టాడు.

"మీకు కావాల్సింది ఇదీ. అది కాదు."

"మరి నమూనా దానికే సరిపోయిందిగా."

"ఇల్లుబండ్లవాళ్ళు అందరూ పడేది ఇక్కడేనమ్మా. మీరు ఏడాది చెబుతారు. ఆ ఏడాది ఇల్లు కట్టి అమ్మినప్పటిది. కింద బండి అంతకు ముందే తయారై, ఇల్లు కట్టేవాళ్ళ షెడ్డులో పడి ఉంటుంది. ఈలోగా కంపెనీ ఇంజను మార్చేసింది. మీది పాత ఇంజను, దాని ఫిల్టరే వెయ్యాలి. నంబరు చూస్తే గానీ తెలీదు."

రెండూ చేతుల్లోకి తీసుకున్నాను. నేను బట్టలు కుట్టి బతికినదాన్ని. ఒకేలా కనిపించేవి ఒకటి కావని పట్టుకోవడం నాకు కొత్త కాదు. ఎత్తు అదే, లావు అదే, తిప్పి బిగించే మర అదే. పైనున్న రబ్బరు చుట్టు మాత్రం మొదటిదానికి కాస్త ఇరుకు.

"ఆ మొదటి రకం కూడా మా బండికి ఎక్కింది కదండీ" అన్నాను. నేను ఎవరి తరఫున వాదిస్తున్నానో నాకే తెలియలేదు.

"మర ఎక్కుతుంది. రబ్బరు సరిగ్గా కూర్చోదు. చదునులో పోతుంది. ఎత్తులో ఇంజను డీజిల్ గట్టిగా లాగినప్పుడు ఆ సందులోంచి గాలి కూడా లాగుతుంది. గాలి తాగి ఏ ఇంజను నడుస్తుంది? పాతది ఎవరు బిగించారు?"

"మా ఆయన. ఆఖరిసారి బయల్దేరే ముందు."

"ఏడాది చెప్పి కొనుంటారు" అన్నాడు. "మీకు ఏది కట్టమంటారు?"

ఆ క్షణంలో ఇరుకు రబ్బరుదే కట్టమందామని నిజంగా నోటిదాకా వచ్చింది. అది పట్టుకుపోతే బండి ఎప్పటికీ ఎత్తు ఎక్కదు, నా గేర్లు అలాగే తప్పుగా ఉండిపోతాయి, ఇంట్లో ఎవరికీ కొత్తగా చెప్పాల్సిన పని ఉండదు. నా వెనక ఉన్నాయన గొంతు సవరించుకున్నాడు. సరైనది కట్టమన్నాను.

అన్నయ్యగారు కొత్త ఫిల్టరు బిగించి, దాని పక్కనున్న చిన్న చేతిపంపు గట్టిపడేదాకా నొక్కి గాలి తీశాడు. ఎత్తు రోడ్డుకి నేనే నడుపుతానన్నాను. ఆయన పక్క సీట్లో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. బండి మూడో గేరులోనే నీళ్ళ ట్యాంకు మలుపు దాటింది. ఆసుపత్రి గేటు పక్కనుంచి పైదాకా వెళ్ళి, అక్కడున్న సర్కిలు చుట్టూ తిప్పుకుని కిందికి దిగాం. నాకేమీ అనిపించలేదు.

"చూశావా చెల్లెమ్మా, నీ తప్పేం లేదు. మనసులోంచి తీసెయ్" అన్నాడు.

"ఇవాళ ఎక్కింది. ఆ రోజు నా వల్లే ఆగిందేమో. పాతది సంచిలోనే ఉంది, మళ్ళీ పెట్టండి అన్నయ్యగారూ. ఈసారి మీరు నడపండి."

"నీకేమైనా మతి పోయిందా?" అన్నాడు. చేతులకి అంటిన డీజిల్ ఇంకా ఆరలేదు. తిట్టుకుంటూనే బండిని ఎత్తు మొదట్లో పక్కకి ఆపించి, సరైన ఫిల్టరు విప్పి, తప్పుది బిగించి, మళ్ళీ చేతిపంపు నొక్కాడు. దారిన పోయేవాళ్ళు బానెట్టులోకి తొంగిచూసి సలహాలు పడేసిపోయారు.

ఏళ్ళ తరబడి బస్సుల్ని బాగుచేసి నడిపి చూసిన చేతులవి. ఎత్తు రాకముందే గేరు తగ్గించాడు. సగం దూరం బాగానే పోయింది. ఆ తర్వాత ఇంజను గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు చప్పుడొచ్చింది. ఆ చప్పుడు నాకు తెలుసు. ఆయన ఇంకో గేరు తగ్గించాడు, ఇంకా తొక్కాడు. బండి ఒణికి, నీరసపడి, మలుపు దగ్గర ఆగిపోయింది. వెనకనుంచి ఎవరో హారను కొట్టారు. అన్నయ్యగారు హ్యాండు బ్రేకు వేసి స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని ముందుకి చూస్తూ కూర్చున్నాడు.

"మీ వదినకి ఏం చెప్దాం?" అన్నాడు.

నేను దిగి బానెట్టు దగ్గరికి నడిచాను. సరైన ఫిల్టరు మళ్ళీ పెట్టుకుని ఇంటికొచ్చాం.

పెరట్లో బండి ఆగేసరికి వదిన తడిచేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "ఎక్కిందా?" అంది.

"ఎక్కింది వదినా. సరైన ఫిల్టరు వేస్తే నాక్కూడా ఎక్కింది. మీ తమ్ముడు వేసింది వేస్తే అన్నయ్యగారికి కూడా ఎక్కలేదు."

అక్కడితో ఆపుదామనే అనుకున్నాను. నోరు ఆగలేదు. "నంబరు కార్డులోనే ఉంది వదినా. ఏడాది పక్కనే ఉంది. జేబులో పెట్టుకుని తిరిగిన కార్డే. లోకంలోని పుస్తకాలన్నింట్లో తప్పులు పట్టిన మనిషి, పక్క గడిలోది చదవలేకపోయాడు."

తమ్ముడి మీద ఈగ వాలనిచ్చే మనిషి కాదు మా వదిన. ఇప్పుడు నా మీదికి వస్తుందనుకున్నాను. ఆవిడ గుమ్మానికి ఆనుకుని అలాగే మెల్లగా మెట్టు మీద కూర్చుంది. "చిన్నప్పుడూ అంతే వాడు. ఎవర్నైనా రెండోమాట అడగాలంటే నామోషీ" అంది. "ఆ రోజు నిన్ను నేను అలా అడగకుండా ఉండాల్సింది."

ఆవిడ ఆ మాట అనగానే నాకు కోపం వచ్చింది. ఆవిడ మీద కాదు. నా తప్పు మొయ్యడానికి నడుం కట్టుకుని కూర్చున్నాను, నాకు చేతనైన బరువే అది. ఆయన తప్పు మొయ్యమంటే నా వల్ల ఎలా అవుతుంది? ఒళ్ళంతా మండిపోయింది. బండివైపు తిరిగి, ఆయనతో ఎప్పుడూ గొడవపడేటట్టే నడుం మీద చెయ్యి వేసుకుని మొదలుపెట్టాను.

"ఎవర్ని అడిగి కొన్నారండీ దాన్ని? షాపువాడు ఏదిస్తే అది పట్టుకొచ్చేయడమేనా? నేను పక్కన వస్తానంటే వద్దన్నారు. నీకేం తెలుసన్నారు. మీకేం తెలిసింది? చెప్పండి, మీకేం తెలిసింది?"

మా ఇద్దరి కాపురంలో నా మాట పూర్తయ్యేదాకా ఆయన ఏనాడూ ఆగలేదు. తప్పు తనదైనప్పుడు అయితే మరీను, సగంలోనే అందుకుని పెద్ద గొంతుతో ఎదురొచ్చేవాడు. నాకు ఊపిరి తీసుకునే సందు కూడా ఇచ్చేవాడు కాదు. ఆ అలవాటుకొద్దీ ఆగాను. ఆయన మాట కోసం ఆగాను.

ఎదురుమాట రాలేదు. ఆయన పోయాడని నాకు అప్పుడు తెలిసింది. వదిన పక్కన మెట్టు మీద కూలబడి ఏడ్చాను.